ఎడమ పక్క బల్ల

రష్యాలోని పెరెస్లావ్ల్ ఊరు. సరస్సు గట్టు మీది మఠంలోకి, చూపు ఆనని ప్రోఖర్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది అతని అన్నకొడుకు తిమోషా పెళ్లాం ఉల్యానా.

“ఓసి ఉల్యానా! కోడలు పిల్లా! ముసలాణ్ణి తీసుకెళ్తున్నావా, మేకని ఈడ్చుకెళ్తున్నావా?”

“మేకయితే ఇంత వాగదు, చినమావయ్యా. మెట్టుంది, చూసుకోండి.”

“గుడ్డోణ్ణి పట్టుకుని చూసుకోమంటుంది! అబ్బ, పొగచేపల వాసన... ఒకటి కొనిపెట్టవే.”

“ముందు కొవ్వొత్తి.”

“సరే సరే. కొత్త పెళ్లికూతురివప్పుడు గుర్తుందా? అత్తగారి ఆయుష్షు కోసం కొవ్వొత్తి ఎక్కడ పెట్టాలంటే, ఎడమ పక్క, నాలుగు మూలల పొట్టి బల్ల చూపించా. పోయినోళ్ల కోసం వెలిగించే బల్ల! మీ అత్త, మా వదినేమో నీ వెనకాలే గుంజలా నిలబడుంది!”

“ఊరంతా నవ్వింది.”

“మా తిమోషా ఒక్కడే నవ్వలా. వారం రోజులు నాతో మాట్లాడితే ఒట్టు! నా భుజాల మీద పెరిగినోడే, నా జోకంటే మాత్రం మూతి ముడిచేవాడు. ఇప్పుడు చూడు, ఫోన్లో పకపకా నవ్వుతున్నాడు. ఓడెక్కాక బాగుపడ్డాడు ఎదవ.”

“ఊఁ.”

“గొంతే బొంగురుపోయింది. ఉత్తర సముద్రం గాలి మరి. వచ్చే ఆదివారం చెప్తా, మెడకి ఉన్నిగుడ్డ చుట్టుకోమని.”

“వంగండి. ఇక్కడ గుచ్చండి.”

“ఎవరి పేరన?”

“తిమోషా పేరన.”

“ఆగాగు. బల్ల ఇంత కిందికుందేంటి? మూలలు తగుల్తున్నాయి... ఓసి దొంగమొహమా! పోయినోళ్ల బల్ల! ఇన్నేళ్లకి పగ తీర్చుకుంటున్నావా?”

“గట్టిగా గుచ్చండి, చినమావయ్యా.”

“బాగుంది, గెలిచావ్. తియ్యి ఇంక. ప్రాణంతో ఉన్నోడికి అపశకునం. తియ్యవే!”

“తియ్యను.”

“ఎందుకు తియ్యవే? ఉల్యానా... వేళాకోళమేగా? వేళాకోళమని చెప్పమ్మా.”

“అల... అల ఎత్తుకుపోయింది, చినమావయ్యా. మంచు పడకముందే. మీరు తట్టుకోలేరని... చెప్పలేదు.”

“అబద్ధం! నిన్న ఆదివారం మాట్లాడాడు నాతో! నవ్వాడు కూడా!”

“అది మత్వేయ్. వాళ్ల ఓడలోవాడు. నేనే బతిమాలి తిమోషాలా మాట్లాడించా. రేపు వాడూ సముద్రానికి పోతున్నాడు, ఇంక ఫోన్ చెయ్యడానికి ఎవరూ...”

“కాదు. వాడు తిమోషానే. నవ్వాడే, నేను విన్నానే!”

“మీ జోకులకి తిమోషా ఎప్పుడన్నా నవ్వాడా, చినమావయ్యా?”