నర్సక్క కిటికీ తువ్వాలు

కూర్చో అమ్మాయీ. ఆ కుర్చీ కాదు, దాని కాలు వదులైంది, ఇటు బల్ల మీద కూర్చో. నర్సక్క గురించేగా? ఆసుపత్రివాళ్ళు పంపారన్నావు. ఆవిడ పెట్టిన ఏర్పాటు మళ్ళీ మొదలుపెడతాం, పెద్దవారు మీరు ముందుండి నడిపించాలి అంటున్నావు. ముందుండటం సంగతి తర్వాత చూద్దాం, ముందు విను. నీ కాగితంలో రాసినట్టు సేవామూర్తీ అదీ ఇదీ ఏం కాదు. మహా గయ్యాళి. ఈ వీధి ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు సూదులు పొడిచి రిటైరైంది. రిటైరయ్యాక ఆ చెయ్యి ఊరుకోలేదు, అంతే.

ఆ ఏడాదే వరదొచ్చింది. నీళ్ళు తీసి, బురద కడుక్కుని, అందరం హమ్మయ్య అనుకున్నాక, వెనక వీధిలో ఒక్కడే ఉండే లెక్కల మాస్టారు పోయి నాలుగు రోజులైందని తెలిసింది. వరదలో కాదమ్మా, వరద తర్వాత. అది ఆవిడకి మింగుడుపడలేదు. మర్నాడే పాలాయన్నీ, డాక్టర్నీ, ఫైర్ స్టేషన్ పెద్దనీ, అప్పుడు లైబ్రరీలో గుమాస్తాగా ఉన్న నన్నూ లైబ్రరీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. డాక్టరు గొంతు సవరించుకుని, "చూడండి సిస్టర్, ఇంటింటికీ తిరగడం మా పరిధిలోకి రాదు" అన్నాడు. ఫైరాయన "మంటలుంటేనే మేము" అన్నాడు. "కొత్త పని చెయ్యమనట్లేదయ్యా, చేసే పనిలోంచే ఒక్క చూపు ఇటు పడేస్తే చాలు" అంది. ఏం లేదు, ఒంటరిగా ఉండేవాళ్ళు పొద్దున లేవగానే వీధి కిటికీకి తువ్వాలు వెయ్యాలి, చీకటి పడేలోగా తీసెయ్యాలి. ఎనిమిదింటికి తువ్వాలు లేని ఇల్లుంటే పాలాయన నాకు చెప్తాడు, నేను లైబ్రరీ ఫోన్లోంచి ఆసుపత్రికి చెప్తాను, తలుపు తియ్యకపోతే ఫైర్ వాళ్ళు. ఇరవై మూడు ఇళ్ళు, పదకొండేళ్ళు నడిచింది. వడ్రంగి తాత స్నానాలగదిలో జారిపడితే గంటలో బయటికి తీశాం. ఆయన స్ట్రెచర్ మీద పడుకునే, "నా చేత్తో చేసుకున్న తలుపు, గొడ్డలి పెట్టారు కదరా" అని మమ్మల్ని తిట్టిపోశాడు. నవ్వు, నవ్వు. మేమూ నవ్వాం.

ఆ, ఏం చెప్తున్నాను? తీసెయ్యడం. వెయ్యడం కంటే తియ్యడమే ముఖ్యం. సాయంత్రాలు ఆవిడ వీధులన్నీ తిరిగి, తియ్యనివాళ్ళని కడిగేసేది. "నిన్నటి తువ్వాలు చూసి ఇవాళ బతికున్నావని నేనెట్లా అనుకోను?" అని. ఆ తిరుగుడులో తన కిటికీ మర్చిపోయేది. తనదీ ఒంటరి కొంపే. నీలంగళ్ళ తువ్వాలు రాత్రీ పగలూ వేలాడుతూనే ఉండేది. ఒకసారి అడిగాను, అక్కా నీది తియ్యవేం అని. "నన్ను రోజూ చూసి చస్తూనే ఉన్నావుగా తమ్ముడూ" అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఒక శనివారం తెల్లారే వంటింట్లో పడింది. తుంటి విరిగింది. ఆవిడ పాలు తాగదు, గుమ్మంలో ప్యాకెట్టూ ఉండదు. పాలాయన చూశాడు, తువ్వాలుంది. సాయంత్రం తిట్టడానికి రాలేదేమని ఒక్కరూ అడగలేదు, ప్రాణానికి హాయిగా ఉందనుకున్నారు. ఆదివారం నేనే అటు వెళ్ళాను. రాత్రి వాన పడి ఆ తువ్వాలు నీళ్ళోడుతోంది. నీళ్ళోడుతోందమ్మా, చూశాను. అయినా ఉందిగా అనుకుని వచ్చేశాను. ప్రతి సోమవారం ఒంటరి ఇళ్ళ లిస్టు సరిచూడటానికి లైబ్రరీకి వచ్చేది, ఆ సోమవారం రాకపోతే అప్పుడు పరిగెత్తాం. ప్రాణంతోనే ఉంది. ఆసుపత్రిలో ఆరు రోజులు బతికింది, అంతే. తర్వాత పాలాయన కిటికీల వంక చూడటం మానేశాడు. నేనూ అడగలేదు. ఎవరికి వాళ్ళం అయిపోయాం.

మీరు తువ్వాలుకి బదులు రోజూ ఫోన్లో బొత్తాం నొక్కిస్తామంటున్నారు, నొక్కించండి. కానీ తలుపు కొట్టండి. లోపల గొంతు వినేదాకా కదలొద్దు. లిస్టు రాసేవాళ్ళెవరో వాళ్ళ పేరు ముందు రాయండి. అది మాత్రం రాసుకో. నన్ను ముందు నిలబెట్టకు, నావల్ల కాదు. ఎందుకంటావా? ఆసుపత్రిలో నర్సక్క నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అంది, "ఆదివారం కిటికీ కింద నిలబడి దగ్గావు తమ్ముడూ. నీ దగ్గేనని పోల్చుకున్నాను. పిలిచాను, గొంతు పెగల్లేదు" అని. తిట్టలేదమ్మా. నన్ను తిట్టకుండా మాట్లాడింది అదొక్కసారే.

ఆ ఫ్యాను కాస్త తగ్గించు. నీ కాగితాలు ఎగిరిపోతున్నాయి.