శనివారం కచేరీకి డాక్టరు షరతు

ఇంగ్లండులోని కోవెంట్రీ ఆసుపత్రిలో, చెవులు హోరెత్తే పంక్ పాటలు పాడే ఒక డెబ్బై ఏళ్ల గాయనికి చెవి పరీక్ష ముగిసింది. డాక్టరు కాగితం చూసి తలెత్తాడు.

"కుడి చెవి దాదాపు పోయిందండీ. ఈ ఊరి కార్ల ఫ్యాక్టరీలో పనిచేశారా?"

"లేదు బాబూ, పాడాను. ఇరవై రెండో ఏట మొదలెట్టాను. ఈ ఊళ్లో ఆడపిల్ల మైకు పట్టుకుని అరవడం అదే మొదలు."

"జనం ఊరుకున్నారా?"

"ఎక్కడ? బీరు గ్లాసులు విసిరారు. మా అమ్మ సిగ్గుతో చర్చి మానేసింది."

"మీరు మాత్రం మానలేదు."

"రెండో వారం ముందు వరసలో పదిమంది ఆడపిల్లలు నాలాగే జుట్టు కత్తిరించుకుని నిలబడ్డారు. ఎలా మానను?"

"ఇప్పుడు మానాలి. లేకపోతే ఎడమ చెవీ పోతుంది."

"శనివారం కచేరీ ఒక్కటి పాడనివ్వు. అదే చివరిది."

"పోయినేడు కూడా చివరిదనే పోస్టర్లు వేశారు."

"చూశావన్నమాట."

"మా ఆవిడ చూసింది. ఈసారి టికెట్లే దొరకలేదు."

"మీ ఇద్దరి పేర్లూ గుమ్మం దగ్గర జాబితాలో రాయిస్తాను, టికెట్ అక్కర్లేదు."

"సరే, చెవుల్లో ఈ బిరడాలు పెట్టుకునే పాడాలి."

"పెట్టుకుంటాను. మరి మీరిద్దరూ?"

"మాకెందుకండీ? పాటలో మాటలు వినపడాలిగా."

"నలభై ఎనిమిదేళ్లుగా ఆ మాటలు ఎవరికీ వినపడలేదు బాబూ. నాక్కూడా."