బోర్డంటే చెక్కరా!

ఫ్యాక్టరీలో వడ్రంగి షెడ్డు ఎత్తేయాలా వద్దా అని నాలుగో అంతస్తులో బోర్డు మీటింగు జరుగుతోంది. ఎదురుగా టీకొట్టు దగ్గర షెడ్డు పనివాళ్ళు ఆరుగురూ మొహాలు వేలాడేసుకుని కూర్చున్నారు. మేస్త్రీ ఒక్కడే గ్లాసు పట్టుకుని నిలబడి దంచుతున్నాడు.

“ఎందుకురా ఏడుపు? ఇప్పుడే పైకెళ్ళి అందర్నీ కడిగేసొచ్చాను. ‘అయ్యా, బోర్డంటే ఏమిటో చెప్పండి’ అన్నాను. ఒకాయన నోటీసులు అంటించేదన్నాడు, ఇంకొకాయన హాస్టల్లో పెట్టే తిండన్నాడు, మూడో ఆయన ఓడెక్కడమన్నాడు. ఛైర్మనైతే ‘మేమే బోర్డు’ అన్నాడు. నవ్వొచ్చింది నాకు.”

“ఒక్క మాటకి ఇన్ని అర్థాలేంటి మామా?” అన్నాడు పాలిషు పెట్టేవాడు.

“అన్నీ ఒక్క తల్లి పిల్లలేరా! మా అమ్మాయి ఊరికే అయిందా ఇంగ్లీషు టీచరు? అసలు బోర్డంటే చెక్క. చెక్క మీద తిండి పెడితే తిండీ బోర్డయింది, చెక్కబల్ల చుట్టూ పెద్దలు కూర్చుంటే వాళ్ళూ బోర్డయ్యారు, ఓడ పక్కచెక్క దాటి లోపలికెళ్తే ఓడెక్కినట్టు. ‘మీ ముందున్న బల్ల నేను చిత్రిక పట్టిందే, అది లేకపోతే మీరు బోర్డు కాదు, ఉత్త పన్నెండు కుర్చీలు!’ అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బల్ల లాగేశాను. పన్నెండుమందీ పట్టుకు వేలాడారు. వాళ్ళతో సహా చిటికెనవేలి మీద ఎత్తి నాలుగంతస్తులూ దిగితే రోడ్డు మీద బస్సులు ఆగిపోయాయి! అంతలో డిక్షనరీవాళ్ళు ఫోను చేసి, ‘బాబ్బాబు, ఏ అర్థం ముందు వేయమంటారు?’ అని బతిమాలారు. ‘చెక్కే ముందు, మిగతావి మీ ఇష్టం’ అన్నాను!”

“మరి ఆ పన్నెండుమందీ ఏరి?”

“మళ్ళీ పైన దింపొచ్చాను. పాపం, పిల్లలు గలవాళ్ళు.”

“అన్నా,” అన్నాడు మూలన టీ తాగుతున్న లిఫ్టు ఆపరేటరు, నెమ్మదిగా. “నిన్ను పైకి తీసుకెళ్ళింది నేనేగా. తలుపు తోసి, ‘కిర్రుమంటోంది సార్, నూనె వేయనా?’ అని తిరిగొచ్చేశావు.”

ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ చేతిలోని గ్లాసులోకి చూశాడు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ గదిలోకి పనిముట్లు పట్టుకెళ్ళాడే తప్ప, మాట పట్టుకెళ్ళింది లేదు.

“నిజమే,” అన్నాడు చివరికి. “నోరు పెగల్లేదు. లేచారా వాళ్ళు?”

“ఇంకో గంట ఉంటారు.”

“మిగతావన్నీ కోతలే గానీ, చెక్క సంగతి మాత్రం అబద్ధం కాదురా. అది చెప్పే వస్తాను.”

గ్లాసు బెంచీ మీద పెట్టి, చొక్కాకంటిన రంపపు పొట్టు కూడా దులుపుకోకుండా రోడ్డు దాటాడు. వెనక చెప్పుల చప్పుడు వినిపించి తిరిగి చూశాడు. ఆరుగురూ వస్తున్నారు.

“నడువు మామా,” అన్నాడు పాలిషు పెట్టేవాడు. “నీ నోరు పెగలకపోతే ఇంకా ఆరు నోళ్ళున్నాయి.”