తీపిమట్టి చింత

సీసం ఫ్యాక్టరీ వెనక, గోడ పడిపోయిన చోట చింతచెట్టొకటి ఉండేది, మీలో సగం మంది దాన్ని చూసుండరు, చూసినవాళ్ళు దాని పేరెత్తరు. ఒరే పుల్లారావూ, ఆ ఫోను జేబులో పెట్టు, లేకపోతే లేచి ఇంటికి పో. ఆఁ, ఏం చెబుతున్నాను? చెట్టు. దానికి కాయ విరగకాసేది, కానీ ఒక్కరూ కోసేవాళ్ళు కాదు, మేకలు తోలేవాళ్ళు కూడా చుట్టుదారిన పోయేవాళ్ళు. ఎందుకంటే అక్కడ గురవమ్మ ఉంది.

గురవమ్మ ఎవరంటారా? ఫ్యాక్టరీ కొలిమి దగ్గర పనిచేసే బ్రహ్మయ్య పెళ్ళాం. ఆ రోజుల్లో పొగగొట్టం నుంచి బూడిద రాలి వాకిళ్ళ నిండా పడేది, మేమేమో దాన్ని చిమ్మి, కళ్ళాపి చల్లి, దానిమీదే ముగ్గేసుకునేవాళ్ళం, అందులో విషముందని ఎవరికి తెలుసు? సరే, గురవమ్మకి కడుపొచ్చింది, అన్నం సయించలేదు, మట్టిమీదికి మనసు పోయింది. కడుపుతో ఉన్నవాళ్ళకి మట్టిమీద యావ మామూలే గదా, ఇక్కడున్న తల్లుల్లో తిననివాళ్ళెవరో చెయ్యెత్తండి చూద్దాం! అయితే ఊళ్ళో మట్టంతా చప్పన, ఆ చెట్టుకింది మట్టి మాత్రం రవ్వంత తీపి. అట్లా రోజూ పొద్దువాలే వేళ అక్కడ కూర్చుని గోటితో గీరుకుని తినేది, తిని తిని ఏడో నెల్లో ఫిట్సొచ్చి, కడుపులో బిడ్డతోనే పోయింది. మంత్రసానిని నేనే. నా చేతుల్లోనే పోయింది.

ఇక అక్కణ్ణుంచి మొదలు. పచ్చచీర కట్టుకుని గొంతుకూర్చుని నేల గీరుతోందని ఒకరు, గోళ్ళ చప్పుడు విన్నామని ఇంకొకరు. అంతటితో ఆగినా బాగుండును, ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడపిల్లలకి వాన పడకుండానే తడిమట్టి వాసన కొట్టేది, చేసే పని వదిలేసి అటు నడిచేవాళ్ళు. కొందరికి కడుపు నిలవలేదు, కొందరి బిడ్డలకి నాలుగేళ్ళొచ్చినా మాట రాలేదు. గురవమ్మ పట్టిందన్నారు. నేనూ అన్నాను. వేపమండలు కట్టాను, దిష్టి తీశాను, ఏం తీస్తే ఏం లాభం?

ఫ్యాక్టరీ మూతపడిన ఎన్నాళ్ళకో ఆఫీసర్లొచ్చి, పిల్లల రక్తం తీసి చూసి, మీ మట్టినిండా సీసం ఉందన్నారు. మూతులకి మాస్కులేసుకుని ఇంటింటి వాకిలీ మూరెడు లోతు గీకి సంచులకెత్తారు, ఎక్కణ్ణుంచో ఎర్రమట్టి తెచ్చి పోశారు. నలభై ఏళ్ళు అలికిన నేలని అట్లా గీకుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. అంతా సవ్యంగానే సాగింది గానీ, చెట్టు దగ్గరికొచ్చేసరికి ఊరు అడ్డంపడింది. చెట్టు కూలిస్తే గురవమ్మ ఇళ్ళమీద పడుతుందని ప్రెసిడెంటు చినకోటయ్య తెగేసి చెప్పాడు. ఆఫీసరు పాపం మంచివాడు, ఆ మట్టి తీపి సీసం తీపే, అన్నిటికన్నా ఎక్కువ విషం దానికిందే ఉంది, వదిలేస్తే వాననీళ్ళతో మళ్ళీ మీ ఇళ్ళకే వస్తుందని చేతులు జోడించాడు. వింటేగా! రేపు సాయంత్రానికల్లా ఒప్పుకోకపోతే మిషన్లు తోలుకుపోతానని చెప్పి వెళ్ళాడు.

ఆ పొద్దే మా మనవరాలు నాగశ్రీ ఇంట్లో కనపడలేదు. దానికప్పుడు ఆరో నెల. పడుతూ లేస్తూ చెట్టు దగ్గరికి పోతే, చెట్టుకింద గొంతుకూర్చుని ఉంది, మూతినిండా మట్టి. ఏం చేస్తున్నావే అంటే, తియ్యగా ఉంది అమ్మమ్మా, ఈవిడే పెడుతోంది అని పక్కకి చూపించింది. పక్కన ఎవరూ లేరు. నేల మీద గోటిగీతలు మాత్రం రెండు చోట్ల ఉన్నాయి. దాని చెంపమీద ఒక్కటిచ్చి ఇంటికి లాక్కొచ్చాను, నోరు కడిగించాను, ఇక నా కాలు ఒకచోట నిలవలేదు, వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాను.

తెల్లారేసరికి ఒకటి తట్టింది. ఈ ఊరు ఆఫీసరు మాట వినదు గానీ దెయ్యం మాట వింటుంది గదా! దొంగ పూనకమే, తప్పేనమ్మా, కాదనను. మొహానికి పసుపు పూసుకుని, జుట్టు విరబోసుకుని, మిషన్ల ముందు నిలబడి ఊగాను. నేను గురవమ్మని, నన్నీ మట్టిలోంచి తీసుకుపోండి అన్నాను. జనం దణ్ణాలు పెట్టారు, చినకోటయ్య టెంకాయ కొట్టి తవ్వుకోమన్నాడు. పనైపోయింది, ఆపాలి గదా? నోరు ఆగలేదు. నాది కాని గొంతుతో, నేను ఎవరికీ చెప్పని మాట బయటికొచ్చేసింది.

"నాకు మొదటి మట్టిపెళ్ల తెచ్చి చేతిలో పెట్టింది ఈ మంత్రసాని సాంబ్రాజ్యమే. నేను పోయాక, తనమీదికి రాకుండా నన్ను దెయ్యమని మొదట అన్నదీ ఇదే."

నిజమే. కడుపుతో ఉన్నదాని కోరిక కాదంటే పుట్టే బిడ్డకి చెవిలో చీము కారుతుందని మా అమ్మ చెప్పింది, ఆ మాట పట్టుకుని, ఎక్కడ తియ్యటి మట్టి ఉందో వెతికి మరీ తెచ్చి పెట్టాను. ప్రేమగానే పెట్టాను. ప్రేమగా పెడితే మాత్రం మనిషి బతుకుతుందా? ఆ పిల్ల పోయాక మట్టిమీద నాకు అనుమానం రాకపోలేదు, తేలుకుట్టిన దొంగలా ఊరుకుని, తప్పంతా చచ్చినదాని నెత్తిన పెట్టాను.

చెట్టు కూల్చారు, రెండు నిలువుల లోతు తవ్వారు. నాగశ్రీ పురిటికి నన్ను రానివ్వలేదు, టౌనాసుపత్రికి పోయింది, మంచి పని చేసింది. పిల్లాడు దక్కాడు. నేనెత్తుకోబోతే మాత్రం ఇప్పటికీ ముందు నా చేతులు చూస్తుంది.

విషమంతా తీసేశామన్నారు, తీసే ఉంటారు. మీరు మాత్రం అటు పోవద్దు. ఎవరన్నా ముద్దుచేసి మట్టిపెళ్ల చేతిలో పెడితే, ఆఖరికి నేను పెట్టినా సరే, తినొద్దు. ఇక లేవండి, ఇళ్ళకి పోండి.