పొడుగు రిబ్బను, పొట్టి రిబ్బను

ఆ సెల్లార్లో తలదాచుకున్న వాళ్ళందరికీ ఆయన ఎదురుగా బాబాయి, వెనకాల కోతల బాబాయి. ఆయన భార్య కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని. ఆ రెండో పేరు సంగతి పిన్నికి ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఆయన కోతలు కోస్తుంటే పక్కన కూర్చుని తలూపడం ఆవిడకి బట్టలు మడతపెట్టినంత అలవాటైన పని.

సైన్యం రెండుగా చీలిపోయి ఆరు వారాలైంది. బాబాయి ముప్పై ఏళ్ళు పనిచేసి పోయినేడే రిటైరైన విమాన స్థావరం అవతలి వర్గం చేతిలో పడింది. అక్కడి విమానాలే ఇప్పుడు ఈ ఊరి మీదకి వస్తున్నాయి. వంతెన మీద ఏది కదిలినా వదలడం లేదు, మొన్న పాలవ్యాన్ని కూడా వదల్లేదు. అపార్ట్‌మెంటు వాళ్ళు కార్లన్నీ బయటికి తోసేసి సెల్లార్లో చాపలు పరుచుకున్నారు. పైన తలుపు గాలికి కొట్టుకున్నా అందరి గుండెలూ గుభేల్మంటున్నాయి.

ఆ మధ్యాహ్నం బయట బాగా మబ్బు పట్టింది. టీచరమ్మ స్టవ్వు మీద టీ పెట్టింది. బార్బరు బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. ఎలక్ట్రీషియన్ మాత్రం షట్టరు దగ్గరే నిలబడి, వ్యాను తాళం చెవిని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. అతని తల్లి వంతెన అవతల ఒంటరిగా ఉంది. నాలుగు రోజులుగా ఆవిడ ఫోను మోగడం లేదు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు.

అతనే అడిగాడు, వాళ్ళు వదిలే మిస్సైళ్ళకి మబ్బుల్లోంచి కింద ఏముందో కనబడుతుందా బాబాయ్, అని. ఇంకొకరైతే ఏమో తెలీదు అనేవారు. బాబాయి నోటికి ఆ ముక్క ఎప్పుడూ అలవాటు లేదు.

"సరైన మనిషినే అడిగావు అబ్బాయ్. అవి రెండు రకాలు, పాతదీ, దాని బదులు తెచ్చిన కొత్తదీ. పాతది అత్తగారనుకో, కొత్తది కోడలు. అత్తగారికి చూపు తక్కువ, విమానంలో కూర్చున్నవాడు లైటు వేసి అదిగో అక్కడ, అదిగో అక్కడ అని తగిలేదాకా చూపిస్తూనే ఉండాలి, వాడు కాస్త పక్కకి చూశాడా, ఇది పోయి ఏ చెరువులోనో పడుతుంది. కోడలికి ఎవరూ చూపించక్కర్లేదు, వదిలేస్తే తనే వెతుక్కుంటుంది. ఇదంతా పుస్తకాల్లోనూ ఉంటుందిలే. పుస్తకాల్లో లేనిది నేను చెప్తా విను. ఓ రోజు పాతదాన్ని రెక్క కింద తగిలిస్తుంటే ఒకడి చెయ్యి జారింది. నేను పక్కనే ఉన్నాగా, తోక పట్టుకుని ఆపాను. అంతే, పెద్ద విశేషమేం కాదు."

బరువెంతుంటుంది అని బార్బరు అడిగాడు. నీ అంత ఉంటుంది అన్నాడు బాబాయి. ఒంటిచేత్తో ఎత్తాడట, రెండో చేతిలో టీ గ్లాసు ఉందట, చుక్క ఒలకలేదట. నాలుగు మాటలయ్యేసరికి అది లారీ అంత బరువైంది.

"ఇందాక నా అంత అన్నావు కదా బాబాయ్."

"నువ్వు తక్కువ వాడివనా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దాఫీసరు అది చూశాడు. పాతవి తీసేసి కొత్తవి కొనాలా వద్దా అని వాళ్ళు ఆర్నెల్లుగా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు, ఇతన్నే తేల్చమందాం అన్నాడు. పోటీ పెట్టారు. మైదానం మధ్యలో ఓ పాడుబడ్డ ట్యాంకు, దాని పక్కన కుర్చీ వేసుకుని నేను."

"ట్యాంకు పక్కనా?" అంది టీచరమ్మ.

"నాలుగడుగుల దూరంలో. లేకపోతే ఎవరు గెలిచారో ఎలా తెలుస్తుందమ్మా? రెండూ ఒకేసారి వదిలారు. అంతలో మబ్బు కమ్మింది, అచ్చం ఇవాళ్టిలాగే. అత్తగారు దారి తప్పి ఊరి చుట్టూ మూడు చుట్లు తిరిగింది. నేను టార్చిలైటు వేసి ఇటు రావమ్మా, ఇటు అంటే, గేదెలా నా వెనకే నడుచుకుంటూ వచ్చింది, తీసుకెళ్ళి షెడ్డులో కట్టేశాను. కోడలి పని ఇంకా అన్యాయం. మబ్బుల్లో చల్లగాలి తగిలి జలుబు చేసింది. తుమ్ముకుంటూ వచ్చి సరిగ్గా నా నెత్తి మీద ఆగి, అయ్యా, నాకేం కనబడటం లేదు, ఎటు పోను అంది."

"మిస్సైలు మాట్లాడిందా?" అంది టీచరమ్మే.

"గొంతు కాస్త బొంగురుపోయిందనుకోండి."

ఆరు వారాల్లో మొదటిసారి ఆ సెల్లార్లో నవ్వు వినబడింది. పిన్నికి కూడా నవ్వొచ్చింది. అంతలో ఎలక్ట్రీషియన్ ముఖం కనబడింది. అతను నవ్వడం లేదు. తాళం చెవి తిప్పడం మానేసి పిడికిట్లో బిగించాడు.

"జలుబు సంగతి అలా ఉంచు బాబాయ్. మబ్బుంటే కొత్తదానికి కూడా కనబడదు. అంతేనా?"

"కనబడదంటే కనబడదు. ఇవాళ వంతెన మీద ఏనుగుని నడిపించుకెళ్ళినా అడిగే నాథుడుండడు."

ఎలక్ట్రీషియన్ వంగి షట్టరు మోకాలెత్తున లేపాడు. బూడిద రంగు వెలుతురు చాపల మీద పడింది. అరగంటలో అమ్మని తీసుకొచ్చేస్తానన్నాడు. ఎవరూ వద్దనలేదు. కొడుకు తల్లి కోసం వెళ్తానంటే వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? పైగా చెప్పింది స్థావరంలో ముప్పై ఏళ్ళున్న మనిషి.

పిన్ని బాబాయి కేసి చూసింది. ఆయన ఇంకా తర్వాతి కోత కోసమే వెతుక్కుంటున్నాడు. తన మాట పట్టుకుని ఒక మనిషి చావుకి ఎదురెళ్తున్నాడని ఆయనకి తట్టనే లేదు. ఆవిడకి రెండు భయాలు ఒక్కసారే పట్టుకున్నాయి. ఈ కుర్రాడు తిరిగి రాడని ఒకటి. నలుగురిలో ఆయన మాట తీసేస్తే ఆయనకి ఇంకేం మిగలదని రెండోది. పైలట్లూ ఆఫీసర్లూ తిరిగే చోట జుట్టులో దారప్పోగులతో బతికిన మనిషి, ఆ కోతలే కప్పుకుని ఇన్నేళ్ళూ తలెత్తుకు తిరిగాడు. అది తెలిసే ఆవిడ ఒక్కనాడూ పెదవి విప్పలేదు.

"ఏమండీ, వానాకాలంలో మనం మా పుట్టింటికి వెళ్ళడం ఎందుకు మానేశాం?"

భయంతో ఈవిడకి మతి పోయిందేమో అన్నట్టు చూసింది టీచరమ్మ. బాబాయికి మాత్రం అర్థమైంది. ఆయన ముఖం మాడిపోయింది.

"ఇప్పుడు అదెందుకే?"

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆవిడే చెప్పింది, ఎలక్ట్రీషియన్ వీపు కేసి చూస్తూ, ఆపకుండా. ఈయన ఆ స్థావరంలో దర్జీ. విమానానికి తగిలించిన ప్రతి మిస్సైలుకీ అది ముందే పేలకుండా ఒక చీల ఉంటుంది, విమానం లేచేముందు దాన్ని లాగేస్తారు, మర్చిపోకుండా దానికో ఎర్ర రిబ్బను వేలాడుతుంది. చిరిగి నూనె కారే ఆ రిబ్బన్లన్నీ బుట్టలో వేసి కుట్టుపని గదికి పంపేవారు. పని ఎక్కువైతే ఇంటికి తెచ్చేవాడు, తనూ అంచులు కుట్టేది. పాతదానికి మూరెడు రిబ్బను, కొత్తదానికి జానెడు. పొడుగు రిబ్బన్ల రోజుల్లో మబ్బు పట్టిందంటే ఒక్క మిస్సైలూ ఎక్కించేవారు కాదు, బుట్ట ఖాళీ. అందుకే వానాకాలమంతా సెలవు దొరికేది, పుట్టింట్లో గడిపేవాళ్ళు.

"పొట్టివి వచ్చాక ఒక్క వానాకాలమైనా సెలవు దొరికిందా మీకు?"

బాబాయి తన వేళ్ళ కేసి చూసుకున్నాడు.

"లేదు" అన్నాడు. "మబ్బు రోజుల్లో కూడా బుట్ట నిండుగానే వచ్చేది."

"పొడుగు రిబ్బను ఆఖరిసారి ఎప్పుడు కుట్టారు?"

"ఐదేళ్ళయింది. ఇప్పుడక్కడ పాతవి లేవు."

అయితే నువ్వు పట్టుకున్న తోక, అని బార్బరు ఏదో అనబోయాడు.

"రిబ్బను తోకేరా" అన్నాడు బాబాయి. "రిబ్బను తోకే పట్టుకున్నాను."

ఎలక్ట్రీషియన్ బయటి వెలుతురు కేసి, తాళం చెవి కేసి చూశాడు. తర్వాత షట్టరు మెల్లగా దించి, దానికే ఆనుకుని కింద కూలబడ్డాడు. వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులనీ, మెట్లు దిగి ఎక్కడైనా దాక్కోవడం ఆవిడ వల్ల కాదనీ ఎవరినీ ఉద్దేశించకుండా చెప్పాడు. టీచరమ్మ టీ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెట్టింది. పిన్ని వెళ్ళి పక్కన కూర్చుని, పిడికిలి విప్పి తాళం చెవి తీసుకుంది.

ఆ టీ చల్లారకముందే వంతెన వైపు నుంచి పెద్ద శబ్దం వచ్చింది. విమానం చప్పుడే వినబడలేదు. పైకప్పు నుంచి సున్నం రాలి టీ గిన్నెలో పడింది. మబ్బుని నమ్ముకుని బయల్దేరిన వాళ్ళు ఇంకెవరో ఉన్నారు.

ఈసారి అది ఏ రకమని బాబాయిని ఎవరూ అడగలేదు.

"పొట్టి రిబ్బను" అన్నాడు ఆయనే, తనలో తను అనుకున్నట్టు.

పిన్ని తలూపింది.