సెకనుకి నాలుగు వందల ఫొటోలు

నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని ఈ టీ కొట్టులో అందరికీ తెలుసు. అనుమానముంటే ఆ సైకిల్ మెకానిక్‌ని అడగండి. నవ్వుతున్నాడా, నవ్వనివ్వండి. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం మళ్ళీ మొదట్నుంచి చెప్తాను. ఇందాక ఎదురు రోడ్డు మీద సైకిల్ పందెం అయింది. ఇదిగో, మోకాలి మీద ఐసు పెట్టించుకుంటున్న ఈ అమ్మాయీ, ఆ చివరి బల్ల మీద అరటిపండు తింటున్న ఆ అమ్మాయీ ఒకేసారి ముగింపు గీత దాటారు. దాటాక ఈ పిల్ల పడింది, మోకాలు వాచింది. ఎవరు ముందో కళ్ళతో చూసినవాళ్ళెవరూ తేల్చలేకపోయారు. గెలిచినవాళ్ళకి జిల్లా జట్టులో చోటు, ఖాళీ ఉన్నది ఒక్కటే. గీత దగ్గర కెమెరా పట్టుకుని ఉన్నది ఎవరు? నేను. పందెం పెద్దాయన ఏమన్నాడంటే, నాలుగింటిలోగా ఫొటో చూపిస్తే చక్రం ముందున్నవాళ్ళకి చోటు, లేకపోతే ఇద్దరూ ఆఖరి కిలోమీటరు మళ్ళీ తొక్కాలి. ఈ మోకాలితో తొక్కగలదా? వాళ్ళ పిన్ని నర్సు, ఆవిడే వద్దంటోంది. అందుకే అంటున్నా, క్లిక్ బాబాయ్ ఉండగా మీకు కంగారెందుకు.

"ఫొటో ఏది బాబాయ్?"

దాని దగ్గరికే వస్తున్నానమ్మా. అసలు సంగతంతా కార్డులో ఉంది. కెమెరా ఎవడైనా కొంటాడు, మెమరీ కార్డు కొనడం తెలియాలి. షాపుకి వెళ్ళాను. కౌంటర్ దగ్గరతను ఓ కార్డు చేతిలో పెట్టి, మహా స్పీడు సార్, దీని మీద అంకె చూడండి అన్నాడు. నేను చూడలేదు, వెనక్కి తిప్పాను. ముందు పెద్దక్షరాల్లో వేసింది కార్డులోంచి ఫొటోలు బయటికి తీసుకునే వేగం నాయనా, లోపలికి రాసుకునే వేగం ఎక్కడ దాచావు అన్నాను. అతను నోరు వెళ్ళబెట్టాడు. షాపులో ఉన్నవాళ్ళంతా కొన్న కార్డులు పట్టుకొచ్చి, ఇది మంచిదేనా సార్, ఇది మంచిదేనా సార్ అంటూ నా ముందు క్యూ కట్టారు. ఓనరు తన కుర్చీ తెచ్చి నాకు వేశాడు.

"రాసుకునే వేగమైతే ఏంటట గొప్ప?"

టీ కాచే చేతికి ఇట్టే అర్థమవుతుంది అన్నయ్యా. నీ వెనకాల సింకు ఉంది కదా. కుళాయి బార్లా తిప్పేసి, కింద గొట్టం సన్నగా ఉంటే ఏమవుతుంది? నిండిపోతుంది. కెమెరా కూడా అంతే. బటన్ నొక్కి పట్టుకుంటే సెకనుకి ఇరవై ఫొటోలు దబదబా పడతాయి. కార్డు వాటిని గబగబా మింగకపోతే కెమెరా కడుపు నిండుతుంది, ఎర్రలైటు వెలుగుతుంది, ఇక నువ్వు తలకిందులుగా నిలబడ్డా అది క్లిక్కుమనదు. అందుకే షాపులో ఉన్న నూట ముప్ఫై కార్డులూ వెనక్కి తిప్పి చూసి, ఒక్కటి పట్టుకొచ్చాను.

ఇంటికొచ్చి ముందు ఫ్యాను మీద పరీక్షించాను. ఫ్యాను ఫుల్లుగా తిరుగుతోంది. సెకనుకి ఇరవై అనుకున్నానా, యాభై పడ్డాయి. రెక్కలు ఎక్కడివక్కడ నిలబడ్డాయి, ఒక్కో రెక్క మీద దుమ్ము ఎంత మందాన ఉందో కూడా కనిపిస్తోంది. మా ఆవిడ అది చూసి, నెల రోజుల నుంచి తుడవమని మొత్తుకుంటున్నాను, ఇప్పుడు రుజువు కూడా దొరికింది అంది. సరే, అది వేరే సంగతి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కింటి పిల్లి గోడ మీంచి రేకుల మీదికి దూకింది. నొక్కాను. రెండు వందలు పడ్డాయి. నూట పన్నెండో ఫొటోలో పిల్లి గాల్లో ఉండగానే, అనవసరంగా దూకానే అన్నట్టు మొహం పెట్టింది. నూట పదమూడులో వెనక్కి తిరిగి గోడని చూసుకుంది. నూట పద్నాలుగులో, సరేలే ఎలాగూ దూకేశాను కదా అని సర్దుకుంది.

"పిల్లి మనసులో మాట కూడా పడిందా?"

మనుషులదే పడింది, పిల్లిదెంత. మర్నాడు మా ఆవిడ నన్ను తిట్టడానికి నోరు తెరిచింది. చెయ్యి ఊరుకోదు కదా, నొక్కాను, సెకనుకి నాలుగు వందలు. మూడో ఫొటోలోనే పెదవులు చూసి ఏ మాట రాబోతోందో పట్టేశాను. ఆ మాట నా చెవిన పడేలోపు చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగిపోయాను. ఇప్పటికీ అది మా గుమ్మం దగ్గరే నా కోసం కాచుకుని ఉంది.

"బాబాయ్, మా ఫొటో సంగతి..."

వస్తున్నానంటే వినవేం తల్లీ. నర్సమ్మగారూ, ఐసు కాస్త కిందికి పెట్టండి, వాపు అక్కడుంది. ఏం చెప్తున్నాను? ఆ, కార్డు. వాడేకొద్దీ దానికి ఊపు పెరిగింది. ఓ రోజు బటన్ మీద వేలు పెట్టాను, ఇంకా నొక్కనేలేదు, చూస్తే ఫొటో అప్పటికే లోపలుంది. ఇంకో రోజు పాలు పోసే అతన్ని తీశాను, ఫొటోలో చేతికి కట్టుంది. చేతికేమైందయ్యా అన్నాను. ఏమీ కాలేదే అన్నాడు. మర్నాడు మెట్ల మీద జారాడు. అంటే కార్డు నన్ను దాటి ఒక రోజు ముందుకి వెళ్ళిపోయిందన్నమాట. అప్పట్నుంచి రోజూ ఓ గంట ఫ్రిజ్‌లో పెట్టి దాని దూకుడు తగ్గిస్తున్నాను.

"అయితే రేపు నాకెన్ని పంచర్లు వస్తాయో చూసి చెప్పు."

నీకు వెటకారం ఎక్కువయ్యా మెకానిక్కూ. నేను మాత్రం పందెం దగ్గరికొచ్చేస్తాను. గీత పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాను. మలుపులో ఇద్దరూ కనిపించారు, నొక్కాను. ఏం పడ్డాయనుకున్నారు? చక్రంలో చువ్వ చువ్వా విడివిడిగా పడింది. ఈ అమ్మాయి ముక్కు మీంచి ఓ చెమట చుక్క జారింది, ఆ ఒక్క చుక్కకే తొమ్మిది వందల ఫొటోలు. ఆ చుక్కలో పెద్దాయన మొహం, ఆయన కళ్ళద్దాలు, కళ్ళద్దాల్లో నేను, నా చేతిలో కెమెరా, ఆ కెమెరాలో మళ్ళీ ఈ అమ్మాయి. గాలి కూడా పడిందండీ. వీళ్ళకి దారిస్తూ గాలి పక్కకి తప్పుకుంటోంది. అదంతా ఒక్కసారిగా చూస్తే పెద్దాయన కళ్ళు తిరిగి పడిపోతాడని ఆగాను గానీ...

"ఎవరి చక్రం ముందుంది బాబాయ్?"

ఏంటమ్మా?

"గాలి కూడా కనిపించిందన్నావు. గీత దగ్గర ఎవరి చక్రం ముందుంది? నాదా, తనదా?"

చూశారా, ఈ కాలం పిల్లలకి తొందరెక్కువ. అదీ... అన్ని వేల ఫొటోల్లో వెతకాలి కదా. కెమెరా ఎందుకమ్మా నీకు, ఉండు, నేనే చూపిస్తాను. లాగకు, పట్టీ తెగుతుంది. సరే, తీసుకో. అది మలుపు. మీరిద్దరూ బాగా పడ్డారు. ముందుకి జరుపు. కరెంటు స్తంభం దాటారు. ఇంకా జరుపు. ఆ, అదే ఆఖరిది. తర్వాతది ఖాళీ రోడ్డు. అవును, అది పెద్దాయన వీపు. అరటిపండు అమ్మాయీ, నువ్వూ రా, చూడు. ఇంక దాచడానికేముంది.

కార్డు మంచిదేనమ్మా. వెనక్కి తిప్పి చూసి కొన్నది కూడా నిజమే. తప్పంతా ఈ వేలిది. మీరు మలుపులో కనిపించగానే నాకు ఒళ్ళు తెలియలేదు, నొక్కిన వేలు తియ్యలేదు. ఎంత మంచి కార్డయినా ఎన్నని మింగుతుంది? మీరు గీతకి పది గజాల దూరంలో ఉండగా ఎర్రలైటు వెలిగింది. మీరు దాటుతున్నప్పుడు కూడా నొక్కుతూనే ఉన్నాను, అది కిమ్మనలేదు. మూడంటే మూడు సెకన్లు మొరాయించింది. ఆ ముక్క చెప్పడానికి నోరు రాకే గంట నుంచి ఇదంతా వాగుతున్నాను. సిగ్గుగా ఉంది తల్లీ.

"టైమెంతయింది పిన్నీ?"

మూడు నలభై. తిట్టమ్మా, నాలుగు తిట్టు, పడతాను. అదేంటి, కట్టు కట్టించుకుంటున్నావు? నిజంగానే తొక్కుతావా? ఉండు, నేను పెద్దాయన దగ్గరికి వెళ్తాను. తప్పు నాదని చెప్పి, రేపటికి వాయిదా వెయ్యమని కాళ్ళు పట్టుకుంటాను.

"వద్దు. నువ్వు వచ్చి గీత దగ్గర కూర్చో."

నేనా? ఇంత జరిగాక కూడా?

"నాలుగు వందలు వద్దు బాబాయ్. మా చక్రం గీత మీదికి వచ్చినప్పుడు ఒక్కటి తియ్యి, చాలు."