పగలకూడని పైపు

సుబేదారిలో ఒక ఇంట్లో కొత్తగా పనికి కుదిరినామె కాలిపోయిన వాక్యూమ్ క్లీనర్ సర్దుతూ ఇంటామెను అడిగింది.

"అమ్మా, గీ పైపు మడిచి మేకుకు తగిలియ్యాల్నా?"

"వద్దక్కా, మడత కాడ పగుల్తది. పెద్ద చుట్ట చుట్టి, ఎండ తగలని కాడ పెట్టు."

"మిషినే కాలిపాయె. ఉత్త పైపుకు ఇంత ఫికరా?"

"మా బాబుకు దుమ్ము పడకపోయేది. వాని కోసమే కొన్నం. వాడు ఈ కొస చెవికి పెట్టుకొని ఫోన్ ఆట ఆడేటోడు. ఆ కొసల నేను మాట్లాడేదాన్ని."

"బాబు ఏడున్నడమ్మా?"

"పోయిన చలికాలం దమ్మెక్కింది. దవాఖానల పానం పోయిందక్కా."

పనామె పైపును ఒళ్లోకి తీసుకుని మెల్లగా చుట్టసాగింది.

"మరి ఇంకెందుకు దాస్తున్నవ్ బిడ్డా?"

"నేను ఇప్పటికీ మాట్లాడ్తనక్కా. పగిలితే నా మాట నడుమనే పోతది, ఆ కొసకు అందది."